ముఖం మీద మోపిన బరువు

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట దాటి టెక్కలి వైపు వెళ్లే దారిలో కోటబొమ్మాళి వస్తుంది. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లాలో మండల కేంద్రం. వందేళ్ల కిందట ఈ నేల గంజాం జిల్లాలో, టెక్కలి తాలూకా లెక్కలో ఉండేది. పడమటి కొండల అవతలి జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పడిన సరిహద్దుతో జయపురం అటు పోయింది, టెక్కలి ప్రాంతం ఇటు మిగిలింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. కార్టూన్ల గురించి చెబుతానని జిల్లాల సరిహద్దులు ఎత్తుకోవడానికి కారణం ఉంది. తెలుగులో తొలి వ్యంగ్యచిత్రకారుడిగా పేరుపడిన తలిశెట్టి రామారావు 1906 మే 20న పుట్టింది ఆ జయపురంలోనే. తెలుగు కార్టూను అనగానే మనకు మద్రాసూ బెజవాడా తలపుకొస్తాయి. అచ్చయింది అక్కడే, నిజమే. దానికి తొలి గీత పెట్టిన మనిషి మాత్రం తెలుగునేల ఉత్తరపు అంచు నుంచి వచ్చాడు. కోటబొమ్మాళి నుంచి చూస్తే ఆయన పక్కింటివాడే.

ఇక్కడ రెండు మాటలను విడదీసుకోవాలి. కార్టూను అంటే ఒక సంఘటన మీదో ఒక పోకడ మీదో గీసే వ్యంగ్యచిత్రం. క్యారికేచర్ ఒక మనిషి ముఖం మీద చేసే పని. ముక్కు పొడుగును ఇంకాస్త సాగదీసి, నుదుటి వెడల్పును ఇంకాస్త పరిచి, చూడగానే ఫలానావాడని పోల్చుకునేట్టు చేయడం. ఇటాలియన్ భాషలో ఈ మాటకు మూలధాతువు ‘బరువు ఎక్కించు’ అనే అర్థం ఇస్తుంది. పదహారో శతాబ్దం చివర బొలోన్యాకు చెందిన చిత్రకారులు కరాచ్చి సోదరుల పనిశాలలో ఈ ఆట మొదలైందని కళాచరిత్ర చెబుతుంది. దేవతలనూ పునీతులనూ గీసిన చేతులే సాయంత్రాలు తోటివాళ్ల ముఖాల మీద ఇలా బరువు ఎక్కించి చూసేవి. ఆ మూలార్థం ఇప్పటికీ పనికొస్తుంది. క్యారికేచర్ చరిత్రలో ప్రతి మలుపు దగ్గరా అడగవలసిన ప్రశ్నను అదే అందిస్తుంది: బరువు ఎవరి మీద పడింది?

ఈ విద్య మనకు పత్రికలతోపాటు ఓడ దిగి వచ్చిందనుకోవడం పొరపాటు. కాగితం మీద గీయడం కొత్త కావచ్చు, మనిషిని పెంచి చూపి పోల్చుకునేట్టు చేయడం మాత్రం తెలుగువాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. తోలుబొమ్మలాటలో రాముడి ముఖానికీ సీత ముఖానికీ ఒక నియమం ఉంది. కేతిగాడికీ జుట్టుపోలిగాడికీ బంగారక్కకూ ఆ నియమం లేదు. వాళ్ల ముక్కూ మూతీ పొట్టా చేతులూ కొలతలు దాటి పోతాయి. తెరమీద నీడ పడగానే పిల్లలు కేకవేసేది వాళ్లను చూసే. అంతకంటే దగ్గరి ఉదాహరణ, ప్రాంతాన్నిబట్టి పిట్టలదొర అనీ తుపాకి రాముడనీ పిలిచే పగటివేషం. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కర్ర తుపాకి, నోటినిండా కోతలు. తన ఎస్టేట్ల గురించీ తన దర్జా గురించీ వీధిలో నిలబడి పలికే ఆ మనిషిలో జనం చూసింది గుర్రమెక్కి ఊరిమీదికి వచ్చిన తెల్లదొరను, అతని వెనుక తిరిగిన చిన్న అధికారిని. తుపాకి కర్రది కావడమే అందులో క్యారికేచర్. దొర బలమంతా దేనిమీద నిలబడి ఉందో ఆ ఒక్క వస్తువును ఏరి, దాన్ని ఉత్తదిగా చేసి చూపించాడు. ఏ రాజకీయ వ్యంగ్యచిత్రకారుడైనా ఇంతకన్నా మెరుగ్గా చేయగలడని నేననుకోను.

ఉత్తరాంధ్ర ఊళ్లలో అమ్మవారి జాతరలకు కట్టే వేషాలనూ ఈ వరుసలోనే చూడాలి. కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతరకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలివస్తాయి. జాతర అంటే ముఖాలు మారే చోటు. మొక్కు కోసం కట్టిన వేషమైనా, నవ్వించడానికి కట్టిన వేషమైనా, చూసేవాళ్లు ముందు చేసే పని ఒకటే. ఎవరు, ఎవరిలా ఉన్నాడు అని పోల్చుకోవడం. కళ ఆ పోల్చుకోవడంలో ఉంది. చూసేవాడికి అసలు ముఖం తెలియకపోతే పెంచిన ముఖానికి విలువ లేదు. అందుకే, నా ఉద్దేశంలో, పత్రికల్లో క్యారికేచర్ చరిత్ర అంటే గీసినవాళ్ల చరిత్ర ఎంతో, ఆ ముఖాలు ఎవరికి తెలుసు, ఎప్పటినుంచి తెలుసు అన్న చరిత్ర కూడా అంతే.

అచ్చులో ఈ పని ముందు అక్షరాలతోనే జరిగింది. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి, దానికి తోడుగా 1876లో హాస్యసంజీవని తెచ్చారు. ఆయన ప్రహసనాల్లో లంచగొండి ఉద్యోగులూ ముసలి పెళ్లికొడుకులూ బొమ్మ గీసినంత స్పష్టంగా నడుస్తారు. విజయనగరంలో 1892లో రంగస్థలమెక్కి 1897లో పుస్తకమైన గురజాడ కన్యాశుల్కంలో గిరీశం సంగతి చెప్పనక్కరలేదు. బొమ్మ లేకుండానే గిరీశాన్ని తెలుగువాళ్లందరూ చూశారు. తరవాతి చిత్రకారులకు అతన్ని గీయడం సులువైంది, ఎందుకంటే అతని ముఖం పాఠకుడి తలలో అప్పటికే తయారై ఉంది.

అదే కాలంలో బయటి ప్రపంచంలో బొమ్మ చాలా దూరం వెళ్లింది. ఫ్రాన్సులో వ్యంగ్యపత్రికలు నడిపిన చార్లెస్ ఫిలిపాన్ 1831లో కోర్టు బోనులో నిలబడి, రాజు లూయీ ఫిలిప్ ముఖం నాలుగు మెట్లలో పియర్ పండుగా ఎలా మారుతుందో గీసి చూపించాడు. పోలిక నేరమైతే పండును కూడా శిక్షించాలని ఆయన వాదన. ఆ తరవాత పారిస్ గోడల మీద పియర్ పండు గీస్తే చాలు, అది రాజుగారే. ఫిలిపాన్ పత్రికలకు గీసిన ఓనోరే దోమియే రాజును తిండిపోతు రాక్షసుడిగా చిత్రించినందుకు 1832లో జైలుకు వెళ్లాడు. 1835 నాటికి ప్రభుత్వం చట్టం తెచ్చి రాజకీయ క్యారికేచర్ల నోరు కట్టేసింది. లండన్‌లో 1841లో పుట్టిన పంచ్ పత్రిక 1843లో ‘కార్టూన్’ అన్న మాటకు ఇప్పటి అర్థం తెచ్చిపెట్టింది. అంతకుముందు ఆ మాటకు అర్థం పెద్ద చిత్రానికి ముందు దళసరి కాగితం మీద వేసుకునే నమూనా అని మాత్రమే. లక్నోలో 1877లో ఔధ్ పంచ్ ఉర్దూలో మొదలైంది. మనకు పొరుగున మద్రాసులో సుబ్రహ్మణ్య భారతి 1906 నుంచి నడిపిన ‘ఇండియా’ వారపత్రిక తమిళంలో రాజకీయ వ్యంగ్యచిత్రాలకు చోటిచ్చింది. 1908లో ఆ పత్రిక మీద కేసులు పడ్డాయి, భారతి పుదుచ్చేరికి వెళ్లిపోవలసి వచ్చింది. 1910 ప్రెస్ చట్టంతో ప్రతి ముద్రాపకుడి నెత్తిన ధరావతు సొమ్ము కత్తిలా వేలాడింది. వ్యాసంలోని దెబ్బను పదాల మధ్య దాచవచ్చు. గవర్నరు ముక్కును దాచడం కుదరదు. తెలుగు పత్రికలు మొదటి రోజుల్లో పాలకుల ముఖాల జోలికి అంతగా పోకపోవడంలో ఈ భయం పాలు తక్కువేమీ కాదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924 జనవరిలో ఆయనే భారతి మాసపత్రిక మొదలుపెట్టారు. తలిశెట్టి రామారావు వ్యంగ్యచిత్రాలు అచ్చయింది ఈ భారతిలో, ఆంధ్రపత్రికలో. ఆయన కేవలం నవ్వులాట కోసం గీసిన మనిషి కాదు. ‘భారతీయ చిత్రకళ’ అనే పుస్తకం రాసిన పండితుడు. అజంతా గీతలోని వంపు ఎక్కడిదో తెలిసిన చేయి కార్టూను గీతకు దిగింది. తెలుగు కార్టూను తొలినాళ్లలోనే గీత మీద ఇంత శ్రద్ధ పెట్టుకుని పుట్టడం మన అదృష్టం.

ఆయన బొమ్మల్లో ప్రధానంగా కనిపించేది సంఘమే, ఫలానా నాయకుడు కాదు. ఇంటింటా కనిపించే మనుషులు, కొత్త పోకడలు, పాత ఆచారాలు. అప్పటి పాఠకుడి లోకానికి అది సరిగ్గా అతికింది. భారతి చదివే ఇల్లు కోటబొమ్మాళి ప్రాంతంలో ఒక ప్లీడరుదో, బడిపంతులుదో, స్టేషను మాస్టరుదో అయి ఉండాలి. వాళ్లకు గాంధీ ముఖం తెలుసు. పొరుగు జిల్లా నాయకుడి ముఖం మాత్రం ఫొటోలో కూడా చూసి ఉండకపోవచ్చు. ముఖం తెలియని చోట చిత్రకారుడు రకాన్ని పట్టుకుంటాడు: అత్తగారు, గుమాస్తా, కొత్తగా పట్నం వెళ్లొచ్చిన కుర్రాడు. తలిశెట్టి వ్యక్తిని వదిలి రకాన్ని గీయడాన్ని లోపంగా చూడలేం. తన పాఠకుడికి ఏ ముఖాలు తెలుసో ఆ ముఖాలనే ఆయన గీశారు.

అచ్చు పద్ధతి కూడా గీతను శాసించింది. అప్పటి పత్రికల్లో బొమ్మ అంటే బ్లాకు. చిత్రకారుడు నల్లసిరాతో గీసిన బొమ్మను ఫొటో తీసి, ఆ నెగెటివును మందు పూసిన జింకు రేకు మీద ఉంచి వెలుతురు సోకించి, ఆ రేకును ఆమ్లంలో ముంచితే గీత ఉన్నచోట లోహం నిలిచి మిగతాది కరిగిపోయేది. ఆ రేకును చెక్కకు బిగించి, సీసపు అక్షరాల ఎత్తుకు తెచ్చి, వాటి పక్కనే కూర్చోబెట్టేవారు. ఈ పద్ధతిలో నలుపూ తెలుపూ తప్ప మధ్య రంగు లేదు. నీడ కావాలంటే సన్నగీతలు దగ్గర దగ్గరగా గీయాలి. గీత మరీ సన్నమైతే ఆమ్లం తినేస్తుంది, గీతలు మరీ దగ్గరైతే సిరా చేరి మచ్చ పడుతుంది. కాబట్టి ముఖంలో ఏది ఉంచాలో ఏది వదలాలో చిత్రకారుడు ముందే తేల్చుకోవాలి. క్యారికేచర్‌కు ప్రాణమైన ఏరివేతను జింకు రేకు బలవంతాన నేర్పిందంటే తప్పులేదు.

తరవాతి తరంలో, శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య పత్రికల బొమ్మకు పూర్తిగా వేరే దారి చూపించారు. చందమామ అట్టల మీద ఆయన రంగుల్లో పురాణాలూ రుతువులూ పూచాయి. ఆయన ముఖాన్ని తేలికచేసి అందం వైపు నడిపారు, క్యారికేచర్ బరువు ఎక్కించి నిజం వైపు నడుపుతుంది. ఉత్తరాంధ్ర ఈ రెండు దారులకూ మనుషులను ఇచ్చింది. పాపయ్యగారికి దక్కిన పేరులో పదోవంతు తలిశెట్టికి దక్కలేదన్నది మాత్రం నాకు బాధగా ఉండే విషయం.

స్వాతంత్ర్యం తరవాత ముఖాలు మారాయి, పాఠకుడికి తెలిసిన ముఖాలూ పెరిగాయి. ఎన్నికలు వచ్చాయి, గోడల మీద వాల్‌పోస్టర్లు వచ్చాయి, సినిమాకు ముందు న్యూస్‌రీళ్లు వచ్చాయి. రాజాజీ గుండూ నల్లకళ్లద్దాలూ, ప్రకాశం పంతులు మొండి ముఖం, నెహ్రూ టోపీ చూడగానే ఎవరైనా పోల్చుకునే గుర్తులయ్యాయి. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1948లో శంకర్స్ వీక్లీ మొదలుపెట్టి, నెహ్రూను నెహ్రూ ఎదుటే వంకర తిప్పి చూపించారు. తెలుగులో 1955లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్న సత్తిరాజు లక్ష్మీనారాయణ కోర్టుకు పోకుండా ఆంధ్రపత్రికలో రాజకీయ కార్టూనిస్టుగా చేరారు. ఆయనే బాపు. బాపు గీత తెలుగు ముఖాన్ని మార్చేసింది. ఒక్క వంపుతో ముక్కు, రెండు చుక్కలతో కళ్లు, ఆపకుండా లాగిన గీతతో భుజం. తగ్గించడం ద్వారా బరువెక్కించే పద్ధతి ఇది. ఆయన తరవాత వచ్చిన ప్రతి చిత్రకారుడూ ఆ గీతను అనుకరించడానికో, దాన్నుంచి తప్పించుకోవడానికో ఎంతో కాలం పెట్టవలసి వచ్చింది.

ఇంతవరకూ జరిగినదాంట్లో కోటబొమ్మాళి పాఠకుడికి ఒక కష్టం మిగిలే ఉంది. దినపత్రిక మద్రాసు నుంచో విజయవాడ నుంచో రైల్లో వచ్చేది. కొత్త ముఖ్యమంత్రి మీద వేసిన బొమ్మ చేతికందేసరికి వార్త పాతబడేది. రాజకీయ క్యారికేచర్ పాతబడితే సగం చచ్చినట్టే. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలవడం ఈ కథలో పెద్ద మలుపు. తెల్లవారేసరికి పత్రిక ఉత్తరాంధ్ర ఊళ్లకు చేరే ఏర్పాటుతో అది పుట్టింది. టీకొట్టు బల్లమీద పత్రిక విప్పితే నిన్నటి సంగతి మీద నేటి బొమ్మ ఉంటుంది. చదవడం రానివాళ్లకు ఆ బొమ్మే సంపాదకీయం. శ్రీధర్ ‘ఇదీ సంగతి’ పేరుతో వేసిన పాకెట్ కార్టూన్లు నాలుగు దశాబ్దాల పాటు ఆ పాత్ర పోషించాయి. ఒక్క కాలమ్ వెడల్పు చదరంలో రెండో మూడో ముఖాలు, ఒక వాక్యం. జనం ముందు ముఖం చూసి, నవ్వి, తరవాత వాక్యం చదివేవారు.

1983లో ఎన్‌టీ రామారావు ముఖ్యమంత్రి కావడంతో తెలుగు క్యారికేచర్‌కు అరుదైన అవకాశం వచ్చింది. ప్రజలందరికీ ముప్ఫై ఏళ్లుగా తెలిసిన ముఖం అధికారంలోకి వచ్చింది. పైగా ఆ మనిషే ఖాకీ నుంచి కాషాయానికి వేషాలు మార్చుకుంటూ చిత్రకారుడి పని సగం చేసిపెట్టారు. తలపాగా, పొడుగు అంగీ, చేతి ఊపు గీస్తే ముఖం గీయకపోయినా సరిపోయే స్థితి. 1984 డిసెంబరులో మొదలైన ఉదయం పత్రికలో మోహన్ బ్రష్ పట్టుకుని గీసిన బొమ్మలు ఈ అవకాశాన్ని పూర్తిగా వాడుకున్నాయి. అంతకుముందు విశాలాంధ్ర పత్రికలో పనిచేసిన మోహన్‌కు ప్రపంచ వ్యంగ్యచిత్రకారులందరి పనీ తెలుసు. తెలిసింది దాచుకోకుండా ‘కార్టూన్ కబుర్లు’ రాసి, చుట్టూ చేరిన కుర్రాళ్లకు నేర్పారు. 2017లో ఆయన పోయేనాటికి తెలుగు పత్రికల్లో గీస్తున్నవాళ్లలో చాలామంది ఏదో ఒక రకంగా ఆయన శిష్యులే. బాపు గీత సాఫీగా పారే ఏరు, మోహన్ గీత గడ్డపార పోటు. రాజకీయ ముఖానికి రెండోదే తగినదని నా అభిప్రాయం.

విశాఖలో ఉంటూ పోలియో బారిన పడినా పోస్టులో బొమ్మలు పంపి తెలుగు వారపత్రికలన్నిటా కనిపించిన రాగతి పండరిని ఇక్కడ తలచుకోకుండా ముందుకు పోలేను. తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా పేరున్న ఆమె 2015లో కన్నుమూశారు. ఆమెది రాజకీయ క్యారికేచర్ కాదు, ఇంటిలోపలి మనుషుల ముఖాలు. ఒకప్పుడు భారతిలో తలిశెట్టి పట్టుకున్న లోకాన్నే ఈసారి లోపలినుంచి, ఆడమనిషి కంటితో చూశారు.

మొదట వేసిన ప్రశ్నకు వస్తాను. బరువు ఎవరి మీద పడింది? అన్నివేళలా రాజుల మీదే పడిందంటే అబద్ధమవుతుంది. పెంచి చూపే కళలో చిత్రకారుడి దురభిప్రాయాలు కూడా పెరిగి కనబడతాయి. రాజ్యాంగ రచన ఆలస్యం మీద శంకర్ 1949లో వేసిన బొమ్మలో అంబేడ్కర్ నత్త మీద కూర్చుని ఉంటారు, వెనుక నెహ్రూ కొరడా పట్టుకుని ఉంటారు. 2012లో, ఒక పాఠ్యపుస్తకంలో చేరిన ఆ బొమ్మ మీద పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది. కొరడా నత్త మీదికే ఎత్తారని కొందరన్నారు. కాని ఏ వీపులు కొరడా దెబ్బలు తిన్నాయో తెలిసినవాళ్లకు ఆ బొమ్మ అలా కనబడదు. వాళ్ల బాధ నిజమైనదే. ఉత్తరాంధ్రవాళ్లకు ఇది వేరేగా చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం యాసను సినిమాల్లో దశాబ్దాల తరబడి నౌకరు నోటా వెర్రివాడి నోటా పెట్టి నవ్వించారు. అదీ క్యారికేచరే, కాకపోతే బరువు కిందివాడి మీద మోపిన రకం. వలసకూలీ పంచె, నెత్తిన మూట, బెదురు చూపు గీసి అదే ఒక జిల్లా ముఖమని చూపితే, అది చూపు లోపం. పిట్టలదొర ఈ తేడా ఎరిగినవాడు. అతని కర్ర తుపాకి ఎప్పుడూ దొర వైపే గురిపెట్టి ఉంది.

ఇప్పుడు ఫోను తెర మీద ఎవరి ముఖాన్నయినా ఒక మీటతో సాగదీయవచ్చు. అది క్యారికేచర్ కాదు. అన్నిటినీ ఒకే రకంగా సాగదీసే యంత్రానికి ఆ ముఖంలో దేన్ని ఏరాలో తెలియదు. 1987లో జరిగిన ఒక మనస్తత్వ పరిశోధనలో, తెలిసిన మనిషిని యథాతథంగా గీసిన గీతచిత్రంలో కన్నా క్యారికేచర్‌లోనే జనం త్వరగా పోల్చుకున్నారని తేలింది. ఆ ముఖం మిగతా ముఖాలకు ఎక్కడ భిన్నంగా ఉందో అక్కడే గీత బలంగా పడటం దానికి కారణం. ఆ చోటు కనిపెట్టాలంటే మనిషిని చాలాకాలం చూడాలి.

ఈ చరిత్రకు ఆధారాలు త్వరత్వరగా పోతున్నాయి. బ్లాకు తీశాక అసలు బొమ్మను దాచే అలవాటు మన పత్రికలకు పెద్దగా లేదు. మిగిలింది అచ్చుకాగితమే, అదీ పెళుసుబారి చేతిలో విరిగిపోయే స్థితిలో. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం స్థాపించి, కథల కోసం పాత పత్రికలను సేకరించారు. కథ అచ్చయిన పేజీ పక్కనే కార్టూను ఉంటుంది కాబట్టి, కథల కోసం దాచిన చోట బొమ్మలూ బతికాయి. కోటబొమ్మాళి, టెక్కలి, నరసన్నపేట, పాతపట్నం వైపు పాత ఇళ్ల అటకల మీద భారతి సంచికలు, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, 1970ల నాటి దినపత్రికల కట్టలు ఇంకా ఉండే ఉంటాయి. వాటిని కిలోల లెక్కన అమ్మేముందు ఒక్కసారి పేజీలు తిప్పండి. మూలన చిన్న చదరంలో బొమ్మ కనిపిస్తే ఆ సంచికను కథానిలయానికి గాని, దగ్గరి శాఖా గ్రంథాలయానికి గాని అప్పగించండి.